దాలమ్మ రెండు చేతులు

అరసవల్లిలో గుడి వీధి దాటి పొలాల వైపు తిరిగే సందులో చివరి మేడ దాలమ్మది. కింద వాళ్ళ కాపురం, పైన యాత్రికులకిచ్చే గదులు. బోర్డు పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ రాలేదు. రోడ్డు మీద ఏ ఆటోవాడికైనా దాలమ్మ ఇల్లు అంటే చాలు, ఇంకో ప్రశ్న అడక్కుండా తెచ్చి గుమ్మం ముందు దింపేవాడు. అలాంటి ఇంటికి 2016లో, సెప్టెంబరు నెలాఖరున, విషసాలీళ్ళ కొంప అని కొత్త పేరు పడింది. అదీ ఎప్పుడు? సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే రోజు ఆదివారం నాడు పడి, ఊళ్ళో గది దొరకడమే గగనమైపోయే వేళ. ఆ పేరు పెట్టినవాళ్ళ నోళ్ళు దాలమ్మ ఎలా మూయించిందో చెప్పాలంటే ముందు ఆమె చేతుల సంగతి చెప్పాలి.

దాలమ్మ పుట్టింది శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డు పల్లెలో. వరీ గోగూ పండించే రైతు కుటుంబం. బడికి వెళ్ళే వయసులోనే మోచేతుల మీద తెల్లమచ్చలు లేచాయి. అవి పాకి పాకి మణికట్ల దాకా దిగి, రెండు చేతులూ తెల్లగా అయిపోయాయి. ఒంటి జబ్బులున్నవాళ్ళు అరసవల్లి వచ్చి సూర్యనారాయణమూర్తికి మొక్కుకోవడం ఆ జిల్లాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే కాబట్టి, తల్లి పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. మొక్కుకోవడానికి దేవుడు వద్దనలేదు గానీ తలదాచుకోవడానికి మనుషులు వద్దన్నారు. పిల్ల చేతులు చూసి ఒకరు గదులు నిండిపోయాయన్నారు. ఇంకొకరు ఏ మొహమాటమూ లేకుండా, అంటుకుంటుందేమో అని మొహం మీదే అనేశారు. చివరికి ఈ సందులోనే, అప్పటికింకా పెంకుటిల్లుగా ఉన్న ఈ ఇంట్లోనే, ఓ పెద్దావిడ అరుగు మీద చాప వేసి పడుకోమంది, అన్నం పెట్టింది. కొన్నేళ్ళకి ఆ పెద్దావిడే తన కొడుకు ధనరాజుకి ఆ పిల్లని అడిగి మరీ చేసుకుంది.

"సామి నా మచ్చలు తియ్యనేదు గానీ మొగుణ్ణిచ్చినాడు" అని దాలమ్మ నవ్వేది.

అత్త పోయాక పెంకుటిల్లు పడగొట్టి మేడ వేయించింది దాలమ్మే. ధనరాజు మంచివాడు, అంతకు మించి అతని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. భార్య గొంతు పెరిగితే మెల్లగా చెప్పులేసుకుని టీ కొట్టుకి పోయే రకం. గదులు లేచిన రోజున దాలమ్మ ఒక నియమం పెట్టుకుంది: తాళం చెవి ఇచ్చేటప్పుడు మనిషి ఒళ్ళు చూడకూడదు. బొల్లి వచ్చినవాళ్ళు, గజ్జి వచ్చినవాళ్ళు, ఒళ్ళంతా పొలుసులు లేచి దురదతో నిద్రపోలేనివాళ్ళు, ఎవరొచ్చినా సరే, దుప్పటి ఉతికి పరిచి గది ఇచ్చేది. తన చేతులు మాత్రం ఎవరికీ చూపించలేదు. రోహిణీకార్తెలో కూడా మణికట్టు దాకా ఉండే జాకెట్టే. మూడు దశాబ్దాలు పక్కపక్కన కాపురాలు చేసినవాళ్ళకి కూడా ఆ జాకెట్టు చేతుల కింద ఏముందో తెలీదు. ఊరందరి ఒళ్ళూ అసహ్యించుకోకుండా నెత్తిన పెట్టుకున్న మనిషి, తన ఒళ్ళు దగ్గరికొచ్చేసరికి అలా పిరికిదై కూర్చుంది. మనుషులు అంతే.

ఇక ఆ సెప్టెంబరు సంగతి. విజయనగరం నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చి పై గదిలో దిగారు. కూతురికి పెళ్ళి కుదిరింది, ముందుగా మొక్కు తీర్చుకుని పోదామని వచ్చారు. మూడో రోజు పొద్దున్న ఆ అమ్మాయి మెడ మీద గోటితో గీరినట్టు ఎర్రటి చార లేచింది. మధ్యాహ్నానికి చార మీద చిన్న చిన్న పొక్కులు. తల్లి గుండెలు బాదుకుంటూ గదంతా వెతికితే అల్మారా వెనకాల గోడ మీద సాలీడు కనబడింది. అరచేయంత ఉంది. కాళ్ళు బార్లా చాపుకుని, పొట్ట కింద రూపాయి బిళ్ళంత తెల్లటి దాన్నేదో పట్టుకుని గోడకి అతుక్కుపోయి ఉంది.

"ఓలమ్మో, ఇదే! ఇదే నా కూతురి మీద పాకీసినాది!"

సాలీడు ఒంటి మీద పాకితే పొక్కులొస్తాయని, అది ఉచ్చ పోసిన చోటల్లా కాలినట్టు లేస్తుందని అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. తెలుసు అంటే, అందరూ అంటారని తెలుసు. ఎవరూ కళ్ళారా చూసింది లేదు. సాయంత్రానికి ఆ సాలీడు ఫోటో వాట్సాప్‌లో వీధి వీధంతా తిరిగింది. ఎవరో దాని కింద ఇది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సాలీడనీ, కుడితే గంటలో ప్రాణం పోతుందనీ చేర్చారు. ఆస్ట్రేలియా నుంచి అరసవల్లికి అది ఏ బస్సెక్కి వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు.

దాలమ్మ ఆ రాత్రి నిద్రపోలేదని చెప్పను గానీ, తెల్లారగానే బూజుకర్ర పట్టుకుంది. కోడలు రేఖకి సాలీడంటే చచ్చేంత భయం. ఆ పిల్ల మంచం ఎక్కి నిలబడి, అత్తా అక్కడ, అత్తా ఇక్కడ అని వేలు చూపిస్తుంటే దాలమ్మ మేడ మొత్తం దులిపింది. మూలల్లోవి, కిటికీల వెనకవి, స్నానాల గదివి అన్నీ పోయాయి. అల్మారా వెనకదాన్ని కూడా చీపురుతో కొట్టబోయి ఆగిపోయింది. దాని పొట్ట కింద ఉన్న తెల్ల బిళ్ళ గుడ్ల సంచి అని దగ్గరికెళితే తెలిసింది. చిన్నప్పుడు పుట్టింట్లో ధాన్యం గాదె పక్కన ఇలాంటివి చూసింది.

"కడుపుతో ఉన్నదాన్ని ఎలాగ సంపుతామే?" అని, ఖాళీ హార్లిక్స్ సీసా బోర్లించి పట్టి, అట్టముక్క అడ్డంపెట్టి, మూతకి మేకుతో కన్నాలు పొడిచి, వంటింటి గూట్లో పెట్టేసింది. రేఖ ఆ రోజంతా వంటింట్లోకి రాలేదు.

సాలీళ్ళు పోయాయి, పీడ విరగడైంది అనుకున్నారు. ఏం విరగడ? మరి రెండు రోజులకి ఇంకో గదిలోని పెద్దాయనకి భుజం మీద పొక్కులు. ఆ వెంటనే రేఖకే మోచేతి మడతలో పైనా కిందా ఒకే అచ్చు వేసినట్టు పొక్కులు. సీసాలో ఉన్నది సీసాలోనే ఉంది. దొంగ జైల్లో ఉండగానే మళ్ళీ దొంగతనం జరిగింది.

అప్పుడు వచ్చాడు గణపతిరావు. సందు మొదట్లో ఉన్న మూడంతస్తుల లాడ్జి అతనిది. ఆ చుట్టుపక్కల గదులిచ్చేవాళ్ళందరికీ పెద్ద. దాలమ్మ వరసకి అక్క కాబట్టి అప్పా అంటాడు. మరో నలుగురిని వెనకేసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అప్పా, కోపం తెచ్చుకోకు. సాలిపురుగులన్నీ దులిపీసినావంట గదా. అయినా ఆగనేదు. అంటే ఇది పురుగు పని కాదు. పైన ఆ పాతపట్నం మనిషి ఉన్నాది సూడు, బుల్లమ్మ. దాని ఒళ్ళంతా పొలుసులే. అదే అందరికీ అంటుకుంటన్నాది."

"దానిది అంటుకునే జబ్బు కాదని డాక్టరు రాసిచ్చినాడు" అంది దాలమ్మ.

"డాక్టరు రాస్తే జనం సదువుతారేటి? కిరణాల రోజుకి లక్షమంది వస్తారు. అరసవల్లిలో ఒంటికి పొక్కులొస్తన్నాయంటే ఇంక ఈ ఊరికి ఎవులొస్తారు? ఒళ్ళు బాగు సేసుకుందారని వచ్చే ఊరు ఇది. దాన్ని పంపీయ్. ఇకమీదట ఒంటి జబ్బులోళ్ళకి గది ఇయ్యనని మాటియ్యి. కాదంటావా, అందరం కలిసి నీ గదులకి తాళాలు ఏయించుతాం. శనివారం సాయంత్రం వరకూ సూస్తాం."

దాలమ్మ మొహం ఎర్రబడింది. ధనరాజు చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. మెట్ల మీద, చీర కొంగు తల నిండా కప్పుకుని, బుల్లమ్మ నిలబడి ఈ మాటలన్నీ వింది. పాతపట్నం దగ్గర రైతుకుటుంబం ఆవిడది. ఏటా ఇదే రోజులకి వచ్చి ఇదే ఇంట్లో దిగుతుంది. ఆ ఇల్లు కాదంటే ఇంకెక్కడా దిగలేదు. పైకెళ్ళి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

దాలమ్మ ఆ సంచీ లాక్కుని కింద తన గదిలో పెట్టి తాళం వేసింది. "కిరణాలు సూడకుండా ఎల్తే నీ కాళ్ళిరగ్గొడతాను" అంది. అని బయటికొచ్చాక మాత్రం ఆమెకీ భయం వేసింది. అన్నంత తేలిక కాదు. అది ఏ పురుగో, ఏ పాపమో తేలకపోతే గణపతిరావు అన్నంతపనీ చేస్తాడు. తాళం పడితే పోయేది ఆదాయం ఒక్కటే అయితే ఆమె అంత బాధపడేది కాదు. ఈ ఊళ్ళో బుల్లమ్మ లాంటి వాళ్ళని లోపలికి రమ్మనే గుమ్మం ఇంకోటి లేదు. అది పోతే తన బతుకులో తను కట్టిందేదీ మిగలదని ఆమెకి బాగా తెలుసు.

శ్రీకాకుళంలో మురళీమోహన్ అని ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారున్నాడు. వాళ్ళమ్మ ఒకప్పుడు దాలమ్మ ఇంట్లో నెలరోజులుండి మొక్కు తీర్చుకుంది. ఆ చనువుతో దాలమ్మ గురువారం పొద్దున్నే రేఖని ఆటో ఎక్కించింది. ఒళ్ళో హార్లిక్స్ సీసా, సంచీలో మరికొన్ని చిన్న సీసాలు. పెరట్లో మిగిలిపోయిన సాలీళ్ళన్నిటినీ వెతికి పట్టింది. ఆటోలో రేఖ అవతలి అంచుకి జరిగి, దేవుడి పేర్లన్నీ చదువుకుంటూ కూర్చుంది.

మురళీమోహన్ సీసాలు చూసి భయపడలేదు సరికదా, పండగొచ్చినట్టు సంబరపడ్డాడు. భూతద్దం తెచ్చి దాలమ్మ చేతికే ఇచ్చాడు.

"చూడండి దాలమ్మగారూ. ఈ పెద్దది గూడు అల్లదు, గోడల మీద పరిగెత్తి వేటాడుతుంది. దీని ముఖ్యమైన తిండి బొద్దింకలు. గట్టిగా పట్టుకుని నొక్కితే కుడుతుంది, తేనెటీగ కుట్టినంత నొప్పి, అంతే. సన్నటి పొడుగు కాళ్ళతో మూలల్లో ఊగేది ఇది. దీనివల్ల మనకేమీ కాదు. కిటికీ మీద గెంతుతూ ఈగల్ని పట్టేది ఇది. దీనికి మనమంటేనే భయం."

"మరి విషం నేదా మాస్టారూ?"

"విషం దాదాపు సాలీళ్ళన్నిటికీ ఉంటుంది. ఈగని చంపడానికి సరిపోయేంత. మీరు తెచ్చినవాటిలో మనిషిని ఆస్పత్రి పాలు చేసేది ఒక్కటీ లేదు. అలాగని తెలియని దాన్ని చేత్తో పట్టకండి. పొలం గట్ల బొరియల్లో బొచ్చు సాలీళ్ళుంటాయి, వాటి జోలికసలే పోవద్దు. ఏది కుట్టినా సరే, చుట్టూ నల్లబడితేనో, జ్వరమొస్తేనో డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే."

తరవాత రేఖ చెయ్యి చూశాడు. చాలాసేపు చూశాడు. మోచెయ్యి మడిచి విప్పమన్నాడు.

"ఇది కుట్టింది కాదు. కుడితే చుక్క ఉంటుంది. ఇక్కడ గీత ఉంది. మడతలో పైనా కిందా ఒకే అచ్చు. ఏదో చిన్న పురుగు మడతలో పడి నలిగింది, దాని రసం రెండు వైపులా అంటింది. ఏ పురుగో చూడకుండా నేను చెప్పలేను. సాయంత్రం దీపాల దగ్గరికి ఏమేమి వస్తున్నాయో పట్టి ఫోటో పంపండి."

దీపాలు అనేసరికి దాలమ్మకి ధనరాజు గుర్తొచ్చాడు. పండగ రోజులు కదా అని, వినాయకచవితి వెళ్ళగానే పై వరండాలో పొలాల వైపు తెల్లటి పెద్ద లైట్లు కట్టించింది ఆయనే. అంతకుముందు అక్కడ మినుకుమినుకుమనే పసుప్పచ్చ బల్బు ఒకటుండేది. ఇంటికెళ్ళగానే మొగుణ్ణి పిలిచింది.

"మావా, ఆ లైట్లు ఎప్పుడు ఎట్టించినావు?"

"బాగున్నాయి కదేటి? పట్నంలాగ ఉన్నాది."

"పట్నం పొక్కులు తెచ్చిపెట్టినాదేమో, ఉండు. నీ తెల్ల పంచె ఇలాగియ్యి."

సంజె దీపాలు పెట్టే వేళకి ఆ పంచె వరండాలో పరిచి లైటు వేసింది. పక్కన వరిచేలు వెన్ను తియ్యబోతూ పొట్ట మీదున్నాయి. వాన కురిసి వెలిసిన గాలి. చూస్తుండగానే పంచె మీద పురుగులు రాలాయి. రెక్కల పురుగులు, పచ్చదోమ, మిడతపిల్లలు, వాటి మధ్య చురుగ్గా పరిగెత్తే సన్నటి పురుగొకటి. బియ్యపుగింజంత ఉంది. తలా తోకా నలుపు, మధ్యలో ఎరుపు, నడుం మీద నీలం రంగు పట్టీ. చీమేమో అనుకుంటాం. తోక పైకెత్తి నడుస్తుంటే చీమ కాదని తెలుస్తుంది.

దాలమ్మకి దాన్ని చూడగానే పుట్టింటి మడి గుర్తొచ్చింది. వరి దుబ్బుల మీద ఎక్కీ దిగీ తిరిగేది ఇదే. పంట పురుగుల్ని తినే మంచి పురుగని నాన్న దాన్ని చంపనిచ్చేవాడు కాదు. నలిపితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ నలపలేదు గనక. రేఖ ఫోటో తీసి పంపిస్తే మురళీమోహన్ వెంటనే ఫోన్ చేశాడు. "అదే! అది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు చేత్తో రుద్దేస్తాం చూడండి, అప్పుడు లోపలి రసం అంటుకుంటుంది. ఒక రోజు గడిచాక పొక్కులు లేస్తాయి. అందుకే ఎప్పుడు అంటిందో ఎవరికీ గుర్తుండదు. ఊదెయ్యండి, రుద్దకండి. అంటితే సబ్బుతో కడగండి."

దాలమ్మ వెంటనే గణపతిరావు లాడ్జికి వెళ్ళి ఫోటో చూపించింది. అతను నవ్వాడు.

"ఇదేటప్పా, సీమ! సీమంత పురుగుకి మనిషంత పొక్కులేటి? ఆ బుల్లమ్మని దాయడానికి నువ్వు ఏ కతైనా సెప్తావు. ఫోటో సూపించి నమ్మమంటే ఎవుడు నమ్ముతాడు?"

"ఫోటో నమ్మొద్దురా. రేపు పొద్దున్న నా గుమ్మం కాడికి రా. నీ వెనకాల తిరిగేవోళ్ళందరినీ తీసుకురా" అంది దాలమ్మ.

శుక్రవారం పొద్దున్నకి సందంతా వచ్చింది. ఉచితంగా తమాషా చూడ్డానికి మన వీధుల్లో ఎవరూ ఆలస్యం చెయ్యరు. అరుగు మీద స్టూలు, స్టూలు మీద హార్లిక్స్ సీసా, పక్కన చిన్న సీసాలో ఆ చీమలాంటి పురుగు. దాలమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడవబోయింది. బిగుతు జాకెట్టు, మణికట్టు దాటి పైకి రాలేదు. ఆమె ఒక్క నిమిషం అలాగే నిలబడింది. జనం ఎదురుచూస్తున్నారు. రేఖ ఒక్కతే గ్రహించి దగ్గరికొచ్చింది.

"ఒద్దత్తా. ఇంకో దారి సూద్దాం."

దాలమ్మ లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఒంటి మీద రేఖ పొట్టిచేతుల జాకెట్టుంది. మోచేయి నుంచి మణికట్టు దాకా తెల్లటి చేతులు రెండూ పట్టపగటి వెలుగులో సందులో అందరికీ కనబడ్డాయి. గుసగుసలు లేచాయి. ముందు వరసలో ఉన్న ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. ఆ క్షణంలో లోపలికి పారిపోవాలని ఆమెకి నిజంగానే అనిపించింది. మెట్ల మీద బుల్లమ్మ కొంగు తల మీద నుంచి జారిపోయినా సర్దుకోకుండా చూస్తోంది. ఆ చూపు చూశాక దాలమ్మ కదలలేదు.

"సూసినారు కదా? ఇన్నేళ్ళూ మీ పేరంటాలకి నా సేతులతోనే పసుపు రాసినాను, వాయనాలు ఇచ్చినాను. ఎవులికి అంటినాది? సెప్పండి!"

దాలమ్మ స్టూలు దగ్గరికి జరిగింది.

"ఇంక పురుగుల సంగతి. ఎడం సెయ్యి సాలిపురుగుది. కుడి సెయ్యి దీనిది. ఏటవుతాదో మీ కళ్ళతోనే సూడండి."

హార్లిక్స్ మూత తీసి సీసాని ఎడమ చేతి మీద వాల్చింది. సాలీడు ముందు ఒక కాలు పెట్టి చూసుకుంది. తరవాత పొట్ట కింద గుడ్ల సంచి వదలకుండా, మణికట్టు మీంచి మోచేతి దాకా చరచరా ఎక్కేసింది. జనం అమ్మో అంటూ చెల్లాచెదరయ్యారు. గణపతిరావు ఎదురింటి అరుగెక్కాడు. అంత మనిషి అంత ఎత్తు అంత వేగంగా ఎక్కగలడని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. దాలమ్మ చెయ్యి కదపలేదు, నొక్కలేదు. సాలీడు మోచెయ్యి చుట్టూ ఒక చుట్టు తిరిగి, అక్కడ తనకి పనేమీ లేదని తేల్చుకుని ఆగిపోయింది. ఆమె చెయ్యి గోడకి ఆనించింది. అది గోడ ఎక్కి కిటికీ పై సందులో దూరిపోయింది.

ఆ తరవాత చిన్న సీసాలోని పురుగుని కుడిచేతి మీద వేసి, అగ్గిపెట్టె అంచుతో నలిపి, మోచేతి కింద నుంచి మణికట్టు వైపు ఒక గీత గీసింది. రాత్రి ఫోన్‌లో అడిగితే మురళీమోహన్ ఆ పని వద్దని గట్టిగా చెప్పాడు. అందుకే ఈ సంగతి ఆయన చెవిన పడకుండా రేఖ ఫోన్ పొద్దుటి నుంచీ దాలమ్మ దగ్గరే పెట్టుకుంది.

"రేపు సాయంత్రం రండి" అంది.

శుక్రవారమంతా ఆ గీత చోట ఏమీ కనబడలేదు. రాత్రి కూడా ఏమీ లేదు. ధనరాజు టీ కొట్టుకి కూడా పోకుండా భార్య చుట్టూ తిరిగాడు. "ఒసే దాలీ, రాకపోతే ఏటి సేస్తాం?" అని ఒకసారి, "వస్తే మండిపోతాదేమోనే" అని మరోసారి అడిగాడు. పొక్కులు రాకపోతే బుల్లమ్మని పంపించెయ్యాలి, వస్తే భార్య చెయ్యి కాలుతుంది. ఏది కోరుకోవాలో ఆయనకి పాలుపోలేదు. దాలమ్మకి మాత్రం పాలుపోయింది. ఒంటి మీద పొక్కులు లేవాలని ఆ సూర్యనారాయణమూర్తికి మొక్కుకున్న మనిషి అరసవల్లి చరిత్రలో ఆవిడొక్కతే అయ్యుంటుంది.

శనివారం తెల్లారాక చురుక్కుమంది. స్నానం చేసి చూసుకుంటే చర్మం మీద సన్నటి ఎరుపు. మధ్యాహ్నానికి మంట ఎక్కింది. సాయంత్రం నాలుగైందో లేదో, గీసిన గీత గీసినట్టే, ఈ చివర నుంచి ఆ చివరకి పొక్కులు నీరు పట్టి లేచి నిలబడ్డాయి. దాలమ్మ అద్దం ముందుకెళ్ళి ఎడమ చెయ్యి చూసుకుంది. గాజు రాసుకున్న గుర్తు తప్ప మచ్చ లేదు. మంటకి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నవ్వు ఆగలేదు.

"రేఖా! తలుపులు తియ్యే! అందరినీ రమ్మను!"

ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. సందు అప్పటికే నిండింది. దాలమ్మ అరుగెక్కి కుడిచెయ్యి పైకెత్తింది. మామూలు చర్మం మీదైతే దగ్గరికొచ్చి వెతుక్కోవాలి. ఆ తెల్లటి చెయ్యి మీద ఎర్రటి గీత సందు మొదట్లోని టీ కొట్టు దాకా కనబడింది. ఇన్నేళ్ళూ జాకెట్టు కింద దాచి తిట్టుకున్న చర్మమే ఆ రోజు ఆమె వైపు సాక్ష్యం చెప్పింది.

"సూడండి! బాగా సూడండి! సాలిపురుగు పాకిన సెయ్యి ఇది, ఏటీ నేదు. ఆ సీమలాటి పురుగు నలిగిన సెయ్యి ఇది. ఇప్పుడు సెప్పండ్రా, బుల్లమ్మ ఏటి సేసినాది? సెప్పు గణపతీ!"

విజయనగరం పెళ్ళికూతురి మెడ మీద గీతని చూసినవాళ్ళు ఆ గుంపులో ఉన్నారు. "అచ్చం ఇలాగే ఉన్నాది" అని ఒకరన్నారు. "నా పొక్కూ ఇదే గీత" అని భుజం పొక్కిన పెద్దాయన చొక్కా దింపి చూపించాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ముందురోజు ఒకడుగు వెనక్కి వేసిన ఆవిడ కొబ్బరినూనె గిన్నెతో వచ్చి, "అప్పా, రాయనియ్యి" అంటూ ఆ చెయ్యి పట్టుకుంది. నూనె వద్దు, ముందు సబ్బుతో కడిగి ఆస్పత్రి మందు రాయాలి అని దాలమ్మ ఆవిడకి అక్కడికక్కడే పాఠం చెప్పింది. కానీ పట్టుకున్న చెయ్యి మాత్రం ఆవిడ వదలలేదు, ఈవిడ విడిపించుకోలేదు.

ఆ సాయంత్రమే ధనరాజు తన చేతులతోనే తెల్ల లైట్లు విప్పేసి పాత పసుప్పచ్చ బల్బు పెట్టాడు. పొలాల వైపు కిటికీలకి దోమతెర జాలీలు కొట్టించారు. మురళీమోహన్‌కి సంగతి తెలిసి ఫోన్‌లో నాలుగు చీవాట్లు పెట్టాడు. పెట్టాక, మా పిల్లలకి చూపిస్తాను, ఆ చేతుల ఫోటో ఒకటి పంపండి అని అడిగాడు. దాలమ్మ రెండు చేతులూ చాచి నిలబడితే రేఖ ఫోటో తీసింది. అదే వాట్సాప్‌లో, అదే వీధుల్లో, ఈసారి ఆ ఫోటో తిరిగింది.

ఆదివారం తెల్లవారుజామున బుల్లమ్మ దాలమ్మ చెయ్యి పట్టుకుని వరసలో నిలబడి కిరణాలు చూసి వచ్చింది. కొంగు భుజం మీదే ఉంది, తల మీద లేదు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి పై గదులన్నీ నిండిపోయాయి, వరండాలో చాపలు కూడా పరిచేశారు. గుమ్మంలో గణపతిరావు నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు గానీ మొహంలో రక్తం లేదు.

"అప్పా, బేగి రా. మా రెండో అంతస్తులో ఒకటున్నాది. యాత్రీకులు గదిలోకి ఎల్లడం నేదు. సంపీమంటే మా కుర్రోళ్ళకి దడుపు. అది ఏ రకమో నువ్వొచ్చి సెప్పాల."

దాలమ్మ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే అలాగే, కుడిచేతికి మందుకట్టుతో, పొట్టిచేతుల జాకెట్టుతో, గుడికి పోయే యాత్రికులతో నిండిన సందులోంచి అతని వెనకాల నడిచింది. చూసినవాళ్ళు చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు.

రెండో అంతస్తు గదిలో అద్దం పక్కన అది ఉంది. దాలమ్మ దగ్గరికెళ్ళి, తల పక్కకి వంచి, కాళ్ళూ నడుమూ పరీక్షగా చూసింది. జనం గుమ్మం బయట మూగారు.

"ఇది మొగది. గూడు కట్టదు, బొద్దింకల్ని తింటాది. నీ లాడ్జిలో బొద్దింకలు ఎక్కువున్నాయని దానికి తెలిసినాది, నీకే తెలీనేదు. ముట్టుకోకండి, అదే పోతాది."

గుమ్మం బయట పెద్ద నవ్వు లేచింది. గణపతిరావు కూడా నవ్వాడు, ఇంకేం చేస్తాడు. "నీ రుణం ఎలాగ తీర్సుకోనప్పా?" అన్నాడు.

"రుణమేటి గానీ, మా ఇల్లు నిండిపోనాది. మా గుమ్మం కాడ ఆటోలో ఒక ముసలాయన ఉన్నాడు, ఒళ్ళంతా బొల్లి. నా కాడికే వచ్చినాడు, నాకు సోటు నేదు." దాలమ్మ అరచెయ్యి చాపింది. "ఈ గది తాళం ఇలాగియ్యి."

గణపతిరావు జేబులోంచి తాళంచెవి తీసి ఆ తెల్లటి చేతిలో పెట్టాడు.